మేకలకు పెట్టినట్టు

మా ఇంట్లో మంచాల కింద ఆకు ఆరిన వేసవి అది. ఏ గదిలోకి వెళ్ళినా అడుగు ఎక్కడ వేయాలో చూసుకుని వేయాలి. నా మంచం కింద అలసందాకు, నా కొడుకు మంచం కింద పిల్లిపెసర, వంటింటి అటక మీద మళ్ళీ అలసందాకు. ఇల్లంతా కోసిన పచ్చిక వాసన. ఎవరైనా వస్తే కూర్చోమనే ముందు "కాస్త పక్కనుంచి రండి, ఆకు ఉంది" అని చెప్పాల్సి వచ్చేది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు. మాకే నవ్వు రాలేదు, ఎందుకంటే మా కోళ్ళు ఉంటాయో పోతాయో ఆ ఆకే తేల్చాలి.

మా పెరడు రెండు రాజ్యాలు. బావికి ఇటువైపు కోళ్ళు, అవి నా కోడలివి. అటువైపు మేకలు, అవి నా కొడుకువి. ఆ కోళ్ళు మా అత్తగారి చేతి కోళ్ళ సంతతి. ఆవిడ నుంచి నాకొచ్చాయి, నా నుంచి కోడలికి వెళ్ళాయి. నాటుకోళ్ళు. నా చేతిలో ఉన్నన్నాళ్ళూ అవి ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. కోడలి చేతిలో పడ్డాక వాటికి పేరొచ్చింది. పొదగెయ్యడానికి గుడ్లు కావాలంటే చుట్టుపక్కలవాళ్ళంతా మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. కోడల్ని గుడ్లమ్మ అనేవాళ్ళు. మొదట వెటకారానికే అన్నారు. తరవాత ఆ పేరే స్థిరపడిపోయింది, అది కూడా పలకడం అలవాటు చేసుకుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నూకలకీ తవుడుకీ కటకట వచ్చింది. దాణా కొట్టు ఆసామి బస్తా ధర చెప్పేటప్పుడు మన మొహం వంక చూడటం మానేశాడు. అప్పుడే ఒకనాడు సాయంత్రం నా కొడుకు చెప్పులైనా విప్పకుండా వచ్చి వెనక గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. కోడలు తడిగుడ్డతో గుడ్లు తుడుస్తోంది. నేను చేటలో నూకలు చెరుగుతున్నాను.

"బ్రాయిలర్ కోళ్ళ కంపెనీవాళ్ళు వచ్చి స్థలం చూసి వెళ్ళారే," అన్నాడు. "కోళ్ళు తిరిగే జాగా, వెనకున్న మడీ కలిపితే షెడ్డుకి సరిపోతుందట. కోడిపిల్లలు వాళ్ళవే, దాణా వాళ్ళదే, మందులు వాళ్ళవే. పెంచి ఇవ్వడమే మన పని."

"మరి నా కోళ్ళో?"

"నాటుకోళ్ళున్న చోట వాళ్ళు షెడ్డు ఒప్పుకోరు. జబ్బులు అంటుకుంటాయట."

"నావాటికి ఏం జబ్బుందని?"

"అది వాళ్ళనే అడుగు."

"అడగడానికి నన్నెవరూ పిలవలేదుగా. స్థలం చూడటానికి వచ్చినప్పుడు నేను నీళ్ళకి వెళ్ళాను. సరిగ్గా నేను లేనప్పుడే చూశారన్నమాట."

వాడు అప్పుడు చెప్పులు విప్పాడు. "పోనీ నువ్వే చెప్పు. దాణా కొనే స్తోమతు లేదు. వీటిని ఏం పెట్టి బతికిస్తావు?"

"కొనను. పండిస్తాను." కోడలు తుడిచిన గుడ్డును బుట్టలో పెట్టి మడివైపు చెయ్యి చూపించింది. "అందులో అలసంద, పిల్లిపెసర చల్లుతాను. ఆకు ఆరబెట్టి పొడి చేస్తాను. గింజ వేయించి విసురుతాను. నూకల్లో అదీ ఇదీ కలిపితే మూడో వంతు నూకలు మిగులుతాయి. పిల్లిపెసర వేస్తే నేలకీ బలమే."

"కోళ్ళు ఆకు తిని గుడ్లు పెడతాయా?"

"మీ మేకలు ఆకు తిని పాలివ్వట్లేదా?"

"మేకలు మేకలే."

"కోళ్ళు కోళ్ళే. చూద్దాం."

ఇద్దరూ నా వంక చూశారు. నేను చెరగడం ఆపలేదు. చేట ఆపితే ఎవరో ఒకరి పక్షం చేరాల్సి వస్తుంది.

చివరికి నా కొడుకే తేల్చాడు. "సరే. వానలు పడేదాకా ఆగుతాను. అప్పటిదాకా గుడ్లు ఆగకుండా వస్తే షెడ్డు మాట ఎత్తను. మధ్యలో ఆగిపోయాయా, కోళ్ళు కొనే గంపల మనిషిని పిలుస్తాను. అప్పుడు ఏడుపులూ మొత్తుకోళ్ళూ ఉండకూడదు."

"ఆగిపోతే నా చేత్తో నేనే పట్టి గంపలో వేస్తాను," అంది కోడలు. అన్నమాట మీద నిలబడే మనిషి అది.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో ఒక్క చుక్క నీరు వృథాగా పోలేదు. అంట్లు తోమిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు, అన్నీ మడిలోకే. స్నానాల రాయి కూడా ఎత్తించి మడి గట్టు మీద వేయించింది. నా కొడుకు చాటుగా గోనెపట్టా కట్టుకుని అక్కడే నీళ్ళు పోసుకునేవాడు. "నీ మొక్కల మొహాన నా సబ్బునీళ్ళు పడితే చచ్చిపోతాయేమో తల్లీ," అని గొణిగేవాడు. "సబ్బు ఆ పక్కన రుద్దుకుని, కడుక్కునేది ఈ పక్కన కడుక్కోండి," అని వంటింట్లోంచే జవాబు వచ్చేది. మొదట్లో ఇలా హాస్యాలు కూడా ఉండేవి మా మధ్య.

మొలకలు వచ్చాయి. తీగలు సాగాయి. మొదటి కోత ఆకు మేడ మీద ఎండలో పరిచింది. సాయంత్రానికి గడ్డిలా తెల్లబోయింది. "అమ్మాయీ, రంగు పోయిన ఆకులో సారం ఏముంటుంది, నీడలో ఆరెయ్యి," అన్నాను. ఎండ పడని చోటు మా ఇంట్లో ఎక్కడుంది, మంచాల కిందే. అలా వచ్చింది ఆకు ఇంట్లోకి. రెండు పూటలా చేత్తో తిరగేసేది. గలగలలాడేదాకా ఆరాక నలిపి జల్లెడ పట్టేది. పచ్చి గింజ కోడికి పడదని ఇసుకలో వేయించి, తిరగలిలో బరకగా విసిరేది.

తినాల్సినవి తినాలి కదా. మా మందలో ఒక ముసలి పెట్ట ఉండేది. దాన్ని పెత్తనం అని పిలిచేవాళ్ళం. అది ముట్టనిదే మిగతావి ముట్టవు. పెత్తనం వచ్చి తొట్టిలో ఒక్క పోటు పొడిచి, తల పక్కకి పెట్టి, కాలితో మొత్తం చిమ్మేసి వెళ్ళిపోయింది. వెనకాలే మందంతా వెళ్ళిపోయింది.

పక్కింటావిడ గోడ మీద గెడ్డం ఆనించి చూస్తోంది. ఆవిడకి రేడియో అని పేరు. ఏ సంగతైనా ఆవిడ చెవిన పడితే ఇంక వేరే చాటింపు అక్కర్లేదు. "ఏమత్తా, మీ కోడలు కోళ్ళని కూడా పథ్యంలో పెట్టిందా?" అంది. ఆ మాట సాయంత్రానికి వీధి చివరిదాకా పోయి, రెండు రెట్లై తిరిగొచ్చింది.

కోడలు పట్టు వదల్లేదు. పొడిని బియ్యం కడుగునీళ్ళతో తడిపి, ముద్దలు చేసి, పైన నాలుగు నూకలు చల్లింది. నూకల కోసం పొడిచి ముద్ద తిన్నాయి. తరవాత ముద్ద కోసమే పొడిచాయి. గుడ్లు ఆగలేదు సరికదా, పచ్చసొన నారింజపండులా తేలింది. ఎవరో ఒకావిడ గిన్నెలో గుడ్డు కొట్టి చూసి, "రంగేమన్నా కలిపారా?" అని గిన్నెతో సహా పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు కోడలు నడక చూడాలి. నా కొడుకు కూడా గిన్నెలోకి తొంగి చూసి, "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ లో షెడ్డు గోడ ఒకటి కూలినట్టు నాకు వినిపించింది.

ఆ తరవాత ఎండలు ముదిరాయి.

బావి అడుగంటింది. మధ్యాహ్నం కోడలు బిందెలు తీసుకుని దూరంగా ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళేది. అక్కడ బారులో నిలబడి నీళ్ళు పట్టి తెచ్చేసరికి పొద్దు వాలిపోయేది. నేను నడుం వాల్చేదాన్ని. ఆ వేడికి కన్ను మూతపడితే తెరుచుకునేది కాదు. కోళ్ళు నేరేడు చెట్టు నీడలో నోళ్ళు తెరుచుకుని, రెక్కలు జారేసి పడి ఉండేవి. మడిలో తీగలు కూడా వాడాయి, పచ్చి ఆకు దొరకడం లేదు. అయినా ఇంట్లో పొడి ఉంది, గింజ ఉంది, పరవాలేదు అనుకున్నాం.

గుడ్లు తగ్గాయి.

మొదట అవి దాచుకుంటున్నాయేమో అనుకున్నాం. కట్టెల మోపు వెనక, పాత టైర్లలో, గడ్డివాము కింద, అంతా వెతికాం. నేను వంగి వెతికి వెతికి నడుం పట్టేసింది గాని ఒక్క గుడ్డు దొరకలేదు. పొదుగుకొచ్చాయేమో అనుకుంటే ఏ పెట్టా ముడుచుకుని కూర్చోవడం లేదు. తిరుగుతున్నాయి, తింటున్నాయి, పెట్టడమే లేదు. మెడల మీద ఈకలు పలచబడ్డాయి. ఒకనాటి పొద్దున కోడలు బుట్టతో గూటిలోకి వెళ్ళి ఖాళీ బుట్టతో వచ్చింది. బుట్టను బోర్లించి గుమ్మం పక్కన పెట్టింది.

అప్పటి నుంచి దానికి నిద్రాహారాలు లేవు. పొడి తగ్గించి చూసింది, గింజ పెంచి చూసింది. జల్లెడ పట్టిన పొడిని దోసిట్లో పోసుకుని వాసన చూసేది. "బూజు పట్టిందా అత్తయ్యా? మీరు చూడండి," అని నా ముక్కు దగ్గర పెట్టేది. బూజూ లేదు, పాడూ లేదు. నా కొడుకు ఇది చూసి సంబరపడాల్సింది. వాడూ మొహం వేలాడేసుకునే తిరిగాడు. ఆ రోజుల్లోనే ఇంకో వింత. వాడు పెరట్లోకి అడుగు పెడితే చాలు, కోళ్ళు ఎక్కడెక్కడివీ లేచి వాడి కాళ్ళకి అడ్డం పడేవి. అన్నిటికంటే ముందు పెత్తనం.

"ఏమిట్రా, అవి నీ వెంట పడుతున్నాయి?" అన్నాను.

"మేకల కంపు వాటికి నచ్చిందేమో," అన్నాడు.

నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

కబురు రేడియో మోసిందో, నా కొడుకే పంపాడో, గంపల మనిషి వచ్చాడు. కోళ్ళను కొని సంతకు మోసుకుపోవడం అతని పని. ఒక పెట్టను పట్టి, రొమ్ము ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. "కండ బాగానే ఉంది పెద్దమ్మా. గుడ్లకి కాకపోయినా కూరకి పోతాయి," అన్నాడు. సంత రోజు పొద్దున వచ్చి పట్టుకెళ్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ ఖాళీ గంపలు మా గోడకి చేరేశాడు. "మళ్ళీ మోసుకురావడం ఎందుకు, ఇక్కడే ఉండనీ."

ఆ గంపలు అలా గోడకి ఆనుకుని నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. ఎటు తిరిగినా అవే కనిపించేవి.

ఆ వారంలోనే మేకలకి సూదులు వెయ్యడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. పని ముగించుకుని వెళ్ళబోతుంటే కోడలు దారికి అడ్డం నిలబడింది. "డాక్టరమ్మా, ఒక్కసారి నా కోళ్ళని కూడా చూడండి."

చిన్న పిల్ల ఆ డాక్టరమ్మ, కానీ ఓపికైనది. పెత్తనాన్ని చంకలో పెట్టుకుని కళ్ళు చూసింది, నోరు తెరిచి చూసింది, వెనక ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూసింది. మేత చూపించమంది. కోడలు డబ్బా తెచ్చింది. ఆవిడ పొడిని అరచేతిలో నలిపి వాసన చూసింది.

"నీడలో ఆరబెట్టారా?"

"అవునండీ, మంచాల కింద."

"అందుకే ఇంత పచ్చగా ఉంది. గింజ వేయించారా?"

"వేయించే విసిరాను."

"అయితే ఇందులో తప్పు పట్టడానికేం లేదు." పెత్తనం మెడ మీద ఈకలు పక్కకి తీసి చూసింది. "సుబాబుల్ ఏమైనా కలుపుతున్నారా?"

"లేదండీ."

"అదీ మంచి ఆకే. కొంచెం, ఏదో గుప్పెడు, అయితే పరవాలేదు. మేకలు ఎంత తిన్నా సర్దుకుంటాయి. కోళ్ళు తట్టుకోలేవు. గుడ్లు ఆపేస్తాయి, ఈకలు పలచబడతాయి. అచ్చం ఇలాగే ఉంటుంది, అందుకని అడిగాను. మానేస్తే మళ్ళీ మామూలైపోతాయి."

"నేను ముట్టుకోనైనా లేదు డాక్టరమ్మా. ఒట్టు."

అప్పుడు పెరటి తడిక చప్పుడైంది. నా కొడుకు భుజాన సుబాబుల్ మోపుతో లోపలికి వచ్చాడు.

కోళ్ళన్నీ లేచాయి. డాక్టరమ్మ చంకలోంచి పెత్తనం రెక్కలు కొట్టుకుంటూ దూకింది. పరుగున వెళ్ళి వాడి కాళ్ళ చుట్టూ మూగాయి. మోపు నుంచి వేలాడుతున్న రెమ్మలను ఎగిరి ఎగిరి పీకుతున్నాయి. ఎప్పుడూ చేసే పనే అన్నట్టు, ఎంతో హక్కుగా. వాడు అలాగే నిలబడిపోయాడు. పాదంతో మెల్లగా పెత్తనాన్ని పక్కకి జరిపాడు.

"మేకలకి," అన్నాడు.

వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

"మేకలకి మంచిదే," అంది డాక్టరమ్మ. సంచీ సర్దుకుని, చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగింది. కోడలు చెంబుతో పోసింది. డాక్టరమ్మ చేతులు కడుక్కోవడం అయిపోయి, చేతిరుమాలు తీసి తుడుచుకుంటోంది. అయినా చెంబులోంచి నీళ్ళు నేల మీద పడుతూనే ఉన్నాయి. అంట్ల నీళ్ళు కూడా మడికి మోసిన మనిషి, ఆ చెంబు ఖాళీ అయ్యేదాకా చూసుకోలేదు.

కోడలు మొగుణ్ణి ఒక్క మాటైనా అడుగుతుందేమో అని ఆ సాయంత్రమంతా చెవులు రిక్కించి కూర్చున్నాను. అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం నీళ్ళకి వెళ్ళేముందు కోళ్ళన్నిటినీ తోలుకొచ్చి గూటిలో పెట్టి, గూటికి తాళం వేసింది. మా అత్తగారి కాలం నుంచీ ఆ గూటికి గడియే గాని తాళం ఎరగం. తాళంచెవి కొంగున ముడేసుకుని బిందెలెత్తుకుంది.

నా కొడుకు మేకల దొడ్డి దగ్గర నిలబడి అదంతా చూశాడు. అది వెళ్ళాక నేను వాడి దగ్గరికి వెళ్ళి తొట్టి అంచు మీద కూర్చున్నాను.

"ఎప్పటి నుంచి పెడుతున్నావురా?"

వాడు రెమ్మలు దూస్తూనే ఉన్నాడు. "ఎండలు ముదిరినప్పటి నుంచి. నువ్వు పడుకునేదానివి, అది నీళ్ళకి వెళ్ళేది. ఇవి నోళ్ళు తెరుచుకుని పడి ఉండేవి, ఆ పొడి వంకైనా చూసేవి కావు. మేకలకి వేస్తుంటే తడిక సందులోంచి మెడలు చాచాయి. పచ్చగా ఉంది కదా అని కాస్త వేశాను. ఎగబడి తిన్నాయమ్మా. నువ్వు చూసి ఉండాల్సింది."

"సరే. గుడ్లు తగ్గాక?"

"బలం చాలట్లేదనుకున్నా. ఇంకాస్త వేశాను."

నవ్వాలో ఏడవాలో నాకు తోచలేదు. "మేకనీ కోడినీ ఒకే గాట కట్టావా నాయనా."

"అదే అందిగా, మీ మేకలు ఆకు తినట్లేదా అని."

"మరి డాక్టరమ్మ ముందు చెప్పొచ్చుగా."

వాడి చెయ్యి ఆగింది. "చెబితే ఎవరు నమ్ముతారు? షెడ్డు కావాల్సింది నాకు. గుడ్లు ఆగితే లాభం నాకు. కావాలనే చేశాడంటారు. నువ్వైనా అంతేగా?"

"నేను నమ్మాను."

"నువ్వు అమ్మవి. నీ నమ్మకం లెక్కలోకి రాదు."

వాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ మొత్తం నిజం కూడా కాదు. వాడి మాటలో సగం భయం, సగం షెడ్డు. కంపెనీ మనిషి తాడు పట్టి కొలతలు వేసిన చోట మావాడు నాటిన ఇనుప మేకులు ఇంకా అలాగే ఉన్నాయి. నోరు విప్పకపోతే చాలు, ఆ మేకుల మీద గోడలు లేస్తాయి.

నేనే వెళ్ళి కోడలికి చెబుదామా అని గుమ్మందాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను. నేను చెబితే అది కొడుకుని వెనకేసుకొచ్చే అత్త మాటే అవుతుంది. ఎవరు చెబితే అది చెవికెక్కుతుందో వాళ్ళే చెప్పాలి. సంత రోజు దాకా ఇల్లు ఇల్లులా లేదు. కోడలు కంచాలు పెట్టేది, తీసేది. గూటికి తాళం వేసేది, తీసేది. పడుకునేటప్పుడు మొగుడి మంచం కిందున్న పిల్లిపెసర మొత్తం గోనెలోకి ఎత్తేసి నా మంచం కిందకి చేర్చింది.

సంత రోజు తెల్లారింది. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

గంపల మనిషి వచ్చేసరికి కోడలు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని సిద్ధంగా ఉంది. "మాటంటే మాటే," అని గూటి తాళం తీసి, ఒక్కొక్క కోడినీ తన చేత్తోనే పట్టి గంపలో వెయ్యడం మొదలుపెట్టింది. రెక్కలు విరగకుండా దగ్గరికి నొక్కి, తల నిమిరి మరీ వేసింది. గోడ మీద రేడియో గెడ్డం.

నా కొడుకు బావి దగ్గర నిలబడ్డాడు. వాడికేసి చూడకూడదనుకుంటూనే చూశాను.

అన్నీ అయ్యాయి. పెత్తనం ఒక్కటే దొరకలేదు. కోడలి చేతుల కిందనుంచి జారి, పెరడంతా పరుగెత్తి, తిన్నగా వెళ్ళి నా కొడుకు కాళ్ళ మధ్య నక్కింది. వాడు వంగి దాన్ని ఎత్తుకున్నాడు.

"ఇలా ఇవ్వు తమ్ముడూ, మూత కట్టేస్తాను," అన్నాడు గంపల మనిషి చెయ్యి చాచి.

వాడు ఇవ్వలేదు. గోడ వైపు తిరిగాడు. "వదినా, నువ్వు కాస్త విను. నువ్వు వింటే అందరూ విన్నట్టే."

"మీ ఇంటి గొడవలో నేనెక్కడయ్యా," అంటూనే రేడియో ఇంకాస్త ముందుకి వంగింది.

"ఈ కోళ్ళకి సుబాబులాకు పెట్టింది నేను. రోజూ మధ్యాహ్నం పెట్టాను. మేకలకు పెట్టినట్టు రెండు చేతులా పెట్టాను. గుడ్లు అందుకే ఆగాయి. మా ఆవిడ మేతలో ఏ తప్పూ లేదు. ఈ మాట కూడా అందరికీ చెప్పు." తరవాత కోడలి మొహం చూడలేక దాని పాదాల వంక చూస్తూ అన్నాడు. "కావాలనే చేశాననుకుంటావు. అనుకో. పందెం మాత్రం నువ్వు ఓడిపోలేదు."

గంపల్లో కోళ్ళు కూడా సద్దుమణిగాయి. కోడలి జుట్టులో ఒక ఈక ఇరుక్కుని ఉంది. అది తీసుకోలేదు.

"గుడ్లు తగ్గాక కూడా పెట్టారా?" అంది.

"ఇంకా ఎక్కువ పెట్టాను."

"ఎందుకు?"

"బలం కోసం."

అది వాడి వంక చాలాసేపు చూసింది. పెత్తనం వాడి చంకలో హాయిగా కళ్ళు మూసుకుంది.

"కావాలని చేసేవాళ్ళయితే ఇంతకంటే మంచి అబద్ధం దొరికేది మీకు," అంది చివరికి. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. వాడి రెండో చేతిలో పెట్టింది. "గంపలు మీరే విప్పండి."

వాడు విప్పాడు. కోళ్ళు బయటపడి, ఏమీ జరగనట్టు మట్టి కెలకడం మొదలుపెట్టాయి.

"మరి నా మాటేమిటి?" అన్నాడు గంపల మనిషి. "సంతకి ఖాళీ గంపలతో పొమ్మంటారా?"

"నీళ్ళు తాగి వెళ్ళు అన్నా," అంది కోడలు. "ఇన్నాళ్ళూ నీ గంపలకి కాపలా కాశాం. దానికి మేమేమన్నా అడిగామా?"

అందరికంటే ముందు రేడియో నవ్వింది. నవ్వి, వెంటనే మాయమైంది. ఇంక ఆవిడకి చేతినిండా పని.

షెడ్డు వేరెవరికో వెళ్ళింది. నా కొడుకు చాలాకాలం ఆ షెడ్డు ముందు నుంచి తల తిప్పకుండా నడిచేవాడు. పోగొట్టుకున్నదాని గురించి వాడు ఎన్నడూ నోటితో అనలేదు గాని, మేకులు పీకిన రోజు ఒక్కో మేకునీ మట్టి దులిపి, తుప్పు గీకి, డబ్బాలో దాచుకున్నాడు. కోడలు ఆ డబ్బాను ఏనాడూ కదపలేదు.

గుడ్లు వెంటనే రాలేదు. వానలు వచ్చాయి, మడి మళ్ళీ పచ్చబడింది, ఆకు మళ్ళీ మంచాల కిందకి చేరింది. వాడి మంచం కిందకి కూడా. మొదటి గుడ్డు పెత్తనమే పెట్టింది. పెట్టింది గూటిలో కాదు, మేకల తొట్టిలో. వాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, బిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. గుడ్ల కోసం అంతకుముందే అడిగి వెళ్ళినవాళ్ళకి కూడా ఇవ్వకుండా ఆ గుడ్డును కోడలు తనే పొదగేసింది.

ఆ గూటికి మళ్ళీ తాళం పడలేదు. గడియే.

ఇప్పటికీ వాడు మేకల మేత కోసం వెళ్ళి వస్తూ, దారిలో ఏ కొత్త ఆకు కనిపించినా ఒక రెమ్మ తుంచుకొస్తాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, చిన్నపిల్లవాడు పలక చూపించినట్టు చూపిస్తాడు.

"ఏమే, ఇది కోళ్ళకి పెట్టొచ్చా?"

అది పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే చూస్తుంది.

"ఎంత?" అంటుంది.